అన్నీ కుదిరిన సినిమాలో ఒక్క పాత్ర అతకకపోతే

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. కథ, ఫొటోగ్రఫీ, సంగీతం, మిగతా నటులు అందరూ చక్కగా కుదిరిన సినిమాలో ఒక్కరు మాత్రం పంటికింద రాయిలా ఎందుకు తగులుతారు, అంత పెద్ద దర్శకుడికి అది కనిపించదా అన్నది మొదటిది. అలా కుదరలేదని మీరు జాబితా రాసి పంపిన పాత్రల్లో ఒక్కదాన్ని ఇప్పుడు మార్చే వీలుంటే మీరైతే ఎవరిని మారుస్తారు అన్నది రెండోది. నేను ఇరవై ఏళ్లకు పైగా దర్శకత్వ శాఖలో ఉన్నాను. అందులో సగం కాలం నటుల ఎంపిక పనే చేశాను. అందుకని మొదటిదానికి కాస్త పొడుగ్గానే జవాబిస్తాను. రెండోదానికి జవాబు చివర్లో ఉంటుంది. అది మీరు ఊహిస్తున్న పేరు అయ్యుండదు.

నటన రాకపోవడం వేరు, పాత్రకి అతకకపోవడం వేరు. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడటం వల్ల చాలామంది మంచి నటులకి అన్యాయం జరుగుతోంది. దర్శకుడు కొప్పోలా 1992లో తీసిన డ్రాకులానే తీసుకోండి. కాస్ట్యూమ్స్‌కి, మేకప్‌కి, సౌండ్ ఎడిటింగ్‌కి కలిపి మూడు ఆస్కార్లు తెచ్చుకున్న సినిమా. గ్యారీ ఓల్డ్‌మన్ డ్రాకులా, ఆంథొనీ హాప్‌కిన్స్ వాన్ హెల్సింగ్. మధ్యలో డ్రాకులా కోటకి వచ్చే ఇంగ్లిష్ లాయరు జొనాథన్ హార్కర్‌గా కీను రీవ్స్. కోటలో గడ్డం గీసుకునే సీన్ గుర్తుందా? హార్కర్ అద్దం ముందు నిలబడి ఉంటాడు. వెనక నుంచి భుజం మీద చెయ్యి పడుతుంది, అద్దంలో మాత్రం ఎవరూ కనిపించరు. డ్రాకులా కత్తి తీసుకుని, అటు తిరిగి, దాని అంచున ఉన్న రక్తం నాకుతాడు. ఓల్డ్‌మన్ అక్కడ చేయాల్సిందంతా చేశాడు. కానీ ఆ సీన్‌లో భయం మనకి అందాల్సింది డ్రాకులా ముఖం నుంచి కాదు, హార్కర్ ముఖం నుంచి. ఆ కోటలోకి మనల్ని తీసుకెళ్లిన కళ్లు అతనివే. రీవ్స్ ధ్యాసంతా ఆ ఇంగ్లండ్ యాస తప్పిపోకుండా పలకడం మీదే ఉండిపోయింది. ఒక్కో మాట జాగ్రత్తగా కూడబలుక్కుని అంటుంటే, మనం అతని భయం వినడం మానేసి యాస వింటాం.

అదే రీవ్స్ ఏడేళ్ల తర్వాత 1999లో ది మేట్రిక్స్ చేశాడు. అదే నిదానం, అదే పొడి మాట, ముఖంలో అదే నిశ్చలత. అక్కడ ఇంకెవరినీ ఊహించుకోలేం. చుట్టూ జరుగుతున్నది ఏ మాత్రం అర్థం కాకుండా, తెలుసుకోవాలని మాత్రం గట్టిగా ఉన్న మనిషి కావాలి ఆ కథకి. అతని దగ్గర ఉన్నది సరిగ్గా అదే.

ఇన్నేళ్లలో నాకు గట్టిగా అర్థమైంది ఒకటుంది. ఒక నటుడు పాత్రకి సరిపోతాడా లేదా అని మాత్రమే చూస్తే చాలదు. పక్కన ఎవరు నిలబడబోతున్నారో చూసి ఆ మాట చెప్పాలి. మన సినిమా వాళ్లం రోజూ వాడే కాంబినేషన్ అనే మాట డేట్లు, కాల్‌షీట్లు సర్దడానికే పరిమితమైపోయింది. అసలు ఆ మాట ఎంపిక చేసే గదిలో వాడాలి. మీరు చెప్పిన సినిమాలన్నిటిలో తప్పు బయటపడేది ఒంటరి క్లోజప్‌లో కాదు, ఇద్దరున్న ఫ్రేములో.

దీన్ని నేను నేర్చుకున్న సందర్భం చెప్తాను. ఎనిమిదేళ్లు మాటల్లేని అన్నాచెల్లెళ్లు తండ్రి చివరి రోజుల్లో మళ్లీ కలుసుకునే కథ. ఇద్దరినీ ఎంపిక చేసింది నేనే. అన్న పాత్రకి వచ్చిన నటుడు స్టేజీ మీద నుంచి వచ్చినవాడు, గొంతు బాగుంటుంది, ఆడిషన్‌లో నాలుగు పేజీల సీన్ తడుముకోకుండా చేశాడు. చెల్లెలిగా వచ్చినమ్మాయికి అనుభవం తక్కువ, కళ్లు మాత్రం అబద్ధం చెప్పవు. ఇద్దరి టెస్టులూ వేర్వేరు రోజుల్లో తీశాం. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే దర్శకుడికీ నాకూ ఎంత సంతోషమో.

మొదటి రోజు షూటింగ్ ఆసుపత్రి వరండాలో. బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉండాలి. టూ షాట్, అంటే ఇద్దరూ ఒకే ఫ్రేములో. మూడో టేకు అయ్యేసరికి నా కడుపులో టెన్షన్ మొదలైంది. అమ్మాయి అతని మాట వింటోంది, విన్నాక ఒక్క క్షణం ఆగుతోంది, అప్పుడు జవాబిస్తోంది. అతను ఆమె మాట వినడం లేదు. ఆమె పెదాలు ఆగడం కోసం చూస్తున్నాడు. చూపు ఆమె నుదుటి దగ్గర ఆగిపోతోంది, తన తర్వాతి డైలాగ్ నోట్లో సిద్ధంగా ఉంది. డైలాగ్ పలకడంలో వంక పెట్టడానికేమీ లేదు. కానీ వాళ్లిద్దరూ ఒక ఇంట్లో పెరిగారంటే ఎవరూ నమ్మరు. ఆడిషన్‌లో అతనికి ఎదురు డైలాగులు అందించింది నేను, అదీ కాగితం చూసి చదువుతూ. అవతలి మాట వినాల్సిన అవసరమే లేని పరీక్ష పెట్టి, అందులో నెగ్గాడని తీసుకున్నాను. తప్పు నాది.

ఎడిటింగ్‌లో ఆ సీన్‌ని నిలబెట్టాం. ఎడిటర్ చేసిన పని మీరూ తెలుసుకోవాలి, ఎందుకంటే మీరు చూసిన చాలా గొప్ప సినిమాల్లో ఈ పని జరిగే ఉంటుంది. అతని డైలాగులు సగానికి పైగా తీసేశాడు. మిగిలినవాటిని అతని ముఖం మీద కాకుండా ఆమె ముఖం మీద వినిపించాడు. అతను ఏదో అంటున్నాడు, మనం చూస్తున్నది ఆమె వినడాన్ని. ఒకచోట టేకు మొదలవకముందు అతను అలిసిపోయి తల దించుకుని కూర్చున్న రెండు సెకన్ల ముక్క దొరికితే, దాన్ని ఆమె పెద్ద డైలాగ్ తర్వాత పెట్టాడు. సినిమా మొత్తంలో అతని అత్యుత్తమ నటన అదేనని తర్వాత చాలామంది నాతో అన్నారు. ఆ నటుడి తప్పేమీ లేదని, మేము అతన్ని తప్పు చోట కూర్చోబెట్టామని ఎప్పుడు చెప్పినా నా గొంతు కొంచెం తగ్గుతుంది. అప్పట్నుంచి ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి చూడకుండా ఎవరికీ ఓకే చెప్పలేదు.

ఈ దృష్టితో డేవిడ్ లీన్ సినిమాలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. 1962లో లారెన్స్ ఆఫ్ అరేబియా. అందులో అరబ్ యువరాజు ఫైసల్‌గా వేసింది ఇంగ్లిష్ నటుడు అలెక్ గిన్నిస్, ముఖానికి రంగు పులుముకుని. ఈ రోజు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. ముఖ్యంగా ఎడారి ఎండమావిలోంచి ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్ ఒంటె మీద వచ్చాక. అయినా ఆ సినిమా తట్టుకుంది. ఫైసల్ ఎక్కువగా డేరాల్లో ఇంగ్లిష్ అధికారులతో కూర్చుని రాజకీయం మాట్లాడతాడు. గిన్నిస్‌కి ఆ మాటల నేర్పు వెన్నతో పెట్టిన విద్య.

ఇరవై రెండేళ్ల తర్వాత, 1984లో, అదే లీన్ ఎ ప్యాసేజ్ టు ఇండియా తీశాడు. ప్రొఫెసర్ గోడ్బోలే అనే బ్రాహ్మణుడి పాత్రకి మళ్లీ గిన్నిస్‌నే తెచ్చాడు. ఈసారి పక్కన ఉన్నది విక్టర్ బెనర్జీ, సయీద్ జాఫ్రీ, రోషన్ సేథ్. అజీజ్‌గా బెనర్జీ ఒంట్లో ఆత్రం, మర్యాద, అవమానం మూడూ ఒకేసారి కదులుతుంటాయి. జాఫ్రీ గదిలోకి వస్తే ఆ గది అతనిదే అనిపిస్తుంది. వాళ్ల మధ్యకి గిన్నిస్ వచ్చేసరికి మిగతా వాళ్లందరూ మనుషులు, ఆయనొక్కడే వేషం. మహానటుడు ఆయన, అందులో సందేహం లేదు. ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్‌కి ఉత్తమ నటుడిగా ఆస్కార్ తీసుకున్నవాడు. అంతటివాడికి కూడా నడకలో, చేతులు కట్టుకోవడంలో, తల ఊపడంలో ఆ మనిషి దొరకలేదు. చేసిన వాటిలో కొన్ని సీన్లు ఎడిటింగ్‌లో పోయాయి కూడా. లీన్‌కి కనిపించలేదా అని మీరడుగుతారు. లీన్ మొదటి పెద్ద విజయాల నుంచీ గిన్నిస్ ఆయనతోనే ఉన్నాడు. ఇది వాళ్ల ఆరో సినిమా. అంతకాలం కలిసి నడిచినవాడి ముఖాన్ని మనం కొత్తగా చూడలేం. పాత నమ్మకమే చూస్తాం. ఇది నేను చాలామంది దర్శకుల్లో చూశాను.

ఇదే వరుసలో బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్‌లో (1961) మికీ రూనీని కూడా చాలామంది చెప్తారు. నేను దాన్ని వేరే ఖాతాలో వేస్తాను. పళ్ల సెట్టు పెట్టి, కళ్లు మార్చి, ఒక జపాన్ మనిషిని నవ్వులాటకి వాడుకోవడం అది. అక్కడ సరైన నటుడు దొరకలేదన్న సమస్యే లేదు. ఆ పాత్ర రాసుకున్న తీరే అవమానకరం. ఎవరు వేసినా అంతే. ఆ సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్ కిటికీలో కూర్చుని పాడే క్షణం నాకు ప్రాణం. అది అయిన కాసేపటికి పై అంతస్తు నుంచి రూనీ కేకలు వినిపిస్తే రిమోట్ వెతుక్కుంటాను.

హెప్‌బర్న్ అన్నాను కాబట్టి గొంతు సంగతి చెప్పాలి. సినిమాలో సగం నటన గొంతుదే. 1964లో మై ఫెయిర్ లేడీ తీసినప్పుడు, రంగస్థలం మీద అందులోని పూలమ్మే పిల్ల పాత్రని తనదిగా చేసుకున్న జూలీ ఆండ్రూస్‌ని కాదని, సినిమాల్లో ఆమె పేరు ఎవరికీ తెలియదన్న కారణంతో హెప్‌బర్న్‌ని తీసుకున్నారు. పాటలు చాలావరకు మార్నీ నిక్సన్ చేత పాడించారు. సినిమాకి ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి, హెప్‌బర్న్‌కి నామినేషన్ కూడా రాలేదు. అదే ఏడాది మేరీ పాపిన్స్‌కి ఉత్తమ నటి ఆస్కార్ ఆండ్రూస్‌కి వచ్చింది. నా అభిప్రాయం ఏమిటంటే, రెండో సగంలో దొరసానిగా హెప్‌బర్న్‌కి సాటి లేదు. మొదటి సగంలో పూలమ్మే పిల్లగా మాత్రం మురికి పూసుకున్న రాకుమారిలా ఉంటుంది. కథంతా ఒక పేద పిల్ల మాట తీరు మార్చడం గురించి. మారకముందు మనిషిని మనం నమ్మకపోతే మారాక ఆశ్చర్యపోయేది ఏముంటుంది? పైగా పాట మొదలయ్యేసరికి వేరే గొంతు వస్తుంది, చెవి పట్టేస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఆండ్రూస్ చేసిన మేరీ పాపిన్స్‌లో కూడా డిక్ వాన్ డైక్ లండన్ యాస ఘోరంగా ఉంటుంది. అయినా అతన్ని మార్చమని ఎవరూ అడగరు. అతని కాళ్లు, ఒళ్లు, నవ్వు ఆ సినిమాకి అంత అవసరం. తప్పు ఉన్నా ఆ పాత్ర బరువు యాస మీద లేదు.

గొంతు వేరొకరిది అయితే ఎప్పుడూ బెడిసికొడుతుందని కాదు. తెలుగు వాళ్లం మనకి ఇది వేరే చెప్పాలా! శంకరాభరణంలో శంకరశాస్త్రి నడక, చూపు, కోపం అన్నీ జె.వి. సోమయాజులువి. వయసు యాభై దాటిన ఆయనకి పాడింది ముప్పైల్లో ఉన్న బాలసుబ్రహ్మణ్యం. ఒక్కసారైనా ఆ ఇద్దరూ వేర్వేరు అనిపించిందా? పాడుతున్నప్పుడు సోమయాజులు మెడ నరాల్లో, కళ్లు మూసుకోవడంలో ఆ గొంతుకి చోటిచ్చారు. బాలు కూడా తన సినిమా గొంతు పక్కన పెట్టి ఆ పెద్దాయన వయసుని గొంతులోకి తెచ్చుకున్నారు. 2009లో అరుంధతి చూడండి. పశుపతిగా సోనూ సూద్ ఆకారం, రవిశంకర్ డబ్బింగ్. ఆ గొంతు తీసేసి చూస్తే ఆ పాత్రలో సగం పోతుంది. డబ్బింగ్ ఆర్టిస్టుని ఎంచుకోవడం కూడా నటుడిని ఎంచుకోవడమే. చివరి వారంలో హడావిడిగా చేసే పని కాదది. పరాయి భాషల హీరోయిన్లు పెదాలు కదిలించి వెళ్లిపోయాక, ఎప్పుడూ వినే అదే తీపి గొంతు అందరికీ అతికించేసి, ఆ అమ్మాయికి నటన రాదని మనం తేల్చేసిన సినిమాలు ఎన్నో ఉన్నాయి.

వయసు గురించి జనం ఎక్కువ గొడవపడతారు కానీ నాకు అది అంత పెద్ద విషయంగా అనిపించదు. 1959లో నార్త్ బై నార్త్‌వెస్ట్‌లో క్యారీ గ్రాంట్‌కి తల్లిగా వేసిన జెస్సీ రాయిస్ లాండిస్ అతని కన్నా ఏడేళ్లే పెద్ద. ది గ్రాడ్యుయేట్‌లో ఆన్ బాంక్రాఫ్ట్‌కీ డస్టిన్ హాఫ్‌మన్‌కీ ఆరేళ్ల తేడా కూడా లేదు, తెర మీద ఆమె అతని తల్లి వయసు మనిషి. రెండు చోట్లా మనం నమ్మాం. ఎందుకంటే ఒకళ్లనొకళ్లు చూసే చూపులో ఆ తేడా ఉంది. లాండిస్ కొడుకుని చూసి పెదవి విరిచే తీరు ఒక్కటి చాలు.

వెర్టిగో (1958) సంగతి ఇంకా లోతైనది. దర్శకుడు హిచ్‌కాక్ మొదట హీరోయిన్‌గా అనుకున్నది వెరా మైల్స్‌ని. ఆమె గర్భవతి కావడంతో కిమ్ నోవాక్ వచ్చింది. పాత్ర కోసం ఇచ్చిన బూడిద రంగు సూటు, నల్ల బూట్లు నోవాక్‌కి నచ్చలేదు. వేసుకోవాల్సిందేనని దర్శకుడు పట్టుబట్టాడు. ఇప్పుడు కథ గుర్తు చేసుకోండి. తనకిష్టం లేని బట్టలు, జుట్టు, నడక ఒక మగాడి పట్టుదల కోసం తొడుక్కోవాల్సి వచ్చిన అమ్మాయి కథ అది. తెర మీద నోవాక్ మెడ, భుజాలు బిగుసుకుని ఉంటాయి. ఆ బిగువే పాత్ర. మొదట అనుకున్న మనిషి వచ్చుంటే బహుశా ఇంకా హాయిగా నటించేది, సినిమా ఆ మేరకు తక్కువయ్యేది. రెండో ఎంపిక అనే మాటని అందుకే నేను చులకనగా వాడను.

ఇక అంత పెద్ద దర్శకుడికి కనిపించదా అన్న ప్రశ్న. చాలాసార్లు కనిపిస్తుంది. కానీ నిర్ణయం తీసుకున్న రోజున ఆయన ముందు ఉన్న లెక్కలు మనకి థియేటర్లో కనిపించవు. టచ్ ఆఫ్ ఈవిల్ (1958) ఉంది. మూడు నిమిషాలకి పైగా కోతలేకుండా సాగే మొదటి షాట్ ఒక్కటే సినిమా చదువుకునేవాళ్లకి పాఠం. అందులో మెక్సికన్ అధికారిగా చార్ల్‌టన్ హెస్టన్, ఒంటికి రంగు, పెదవి మీద మీసం. ఎవరు చూసినా అతకలేదనే అంటారు. కానీ మొదట నటుడిగా మాత్రమే ఉన్న ఆర్సన్ వెల్స్ చేతికి ఆ సినిమా దర్శకత్వం ఇవ్వమని స్టూడియోకి చెప్పింది హెస్టనే. ఆ తప్పు ఎంపిక లేకపోతే ఆ సినిమా వెల్స్‌ది అయ్యేది కాదు. దీనికి నా దగ్గర తీర్పు లేదు. చూసినప్పుడల్లా రంగు చూసి బాధపడతాను, ఆ మొదటి షాట్‌కి దండం పెడతాను.

మిగతా కారణాలు మామూలువే. పెట్టుబడి రావాలంటే పోస్టర్ మీద ఒక పేరు కావాలి. గ్యాంగ్స్ ఆఫ్ న్యూయార్క్‌లో (2002) కామెరాన్ డియాజ్ చెడ్డగా చేయలేదు, డేనియల్ డే లూయిస్ పక్కన ఆ బురదలో ఆమె ముఖం మాత్రం ఈ కాలానిది. దర్శకుడికి తనే నటించాలన్న కోరిక ఉంటే అది మరో కారణం. టరాంటినో జాంగో అన్‌చెయిన్డ్‌లో ఆస్ట్రేలియా యాసతో వచ్చిన కాసేపూ ఒక మంచి సినిమా ఆగిపోతుంది.

తప్పు అని తెలిశాక ఆపే ధైర్యం మాత్రం అరుదు. బ్యాక్ టు ది ఫ్యూచర్‌లో హీరో మార్టీగా మొదట నటించింది ఎరిక్ స్టోల్జ్. అయిదారు వారాల షూటింగ్ అయ్యాక, అతను మంచి నటుడే కానీ సినిమాకి కావాల్సిన తేలికదనం రావడం లేదని రాబర్ట్ జెమెకిస్ గుర్తించి, చేసిందంతా పక్కన పెట్టి మైకేల్ జె. ఫాక్స్‌ని తెచ్చుకున్నాడు. ఫాక్స్ పగలంతా టీవీ సీరియల్, రాత్రి ఈ సినిమా. అక్కడితో అయిపోలేదు. మార్టీ స్నేహితురాలిగా అప్పటికే అనుకున్న అమ్మాయి ఫాక్స్ కన్నా పొడుగు కావడంతో ఆమెనీ మార్చాల్సి వచ్చింది. ఒక్క ఇటుక లాగితే పక్కవీ కదులుతాయి. ఇందాక చెప్పిన కాంబినేషన్ అంటే ఇదే. ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో అరగార్న్‌గా స్టువర్ట్ టౌన్సెండ్ స్థానంలో విగ్గో మోర్టెన్‌సెన్ వచ్చింది కూడా షూటింగ్ మొదలయ్యాకే. మన దగ్గర మిస్సమ్మ (1955) ఉండనే ఉంది. కొంత షూటింగ్ అయ్యాక భానుమతి బయటికి వెళ్లడంతో, రెండో పాత్రకి అనుకున్న సావిత్రి మేరీ అయింది, సావిత్రి వదిలిన పాత్రలోకి జమున వచ్చింది. మూడు కుర్చీలు మారాయి. ఇప్పుడు చూస్తే రాసేటప్పుడే వాళ్ల కోసం రాశారేమో అనిపిస్తుంది.

ప్రకటన వచ్చిన రోజే అతకలేదని తేల్చేయకండి. బ్యాట్‌మన్ విలన్ జోకర్‌గా హీత్ లెడ్జర్ అనగానే ప్రేమకథల కుర్రాడికి ఈ వేషమేమిటని అభిమానులు ఎంత గోల చేశారో. 2008లో ది డార్క్ నైట్ వచ్చాక ఆ గోల ఎవరికీ గుర్తు లేదు. అతను మాత్రం అప్పటికే లేడు. ఆస్కార్ అతని కుటుంబం అందుకుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఇక్కడ మళ్లీ కొప్పోలా దగ్గరికే వెళ్లాలి. 1972లో ది గాడ్‌ఫాదర్‌కి స్టూడియో మార్లన్ బ్రాండో వద్దంది, అల్ పాచినో వద్దంది. యాభై కూడా నిండని బ్రాండో బుగ్గల్లో దూది పెట్టుకుని ముసలి డాన్ అయిపోతుండగా ఇంట్లోనే టెస్టు తీసి చూపించి కొప్పోలా ఒప్పించాడు. పాచినోని తీసేస్తారన్న మాట షూటింగ్ మొదట్లో గట్టిగానే నడిచింది, హోటల్లో హత్య సీన్ రష్ (అప్పటికి తీసిన ముక్కలు) చూశాక సద్దుమణిగింది. అందరూ తప్పన్న రెండు ఎంపికలూ ప్రపంచ సినిమాలోనే గొప్పవి అయ్యాయి. అలాంటి మనిషి 1990లో మూడో భాగానికి వచ్చేసరికి తన కూతురు సోఫియాని, పాచినో వేసిన మైకేల్‌కి కూతురైన మేరీ పాత్రకి పెట్టాడని అందరూ తిడతారు. మీ జాబితాలో కూడా మొదటి పేరు ఆమెదే.

జరిగింది ఇది. మేరీగా వేయాల్సిన వినోనా రైడర్ రోమ్ వచ్చి అనారోగ్యంతో వెనక్కి వెళ్లిపోయింది. షూటింగ్ అప్పటికే నడుస్తోంది. స్టూడియో వేరే పేర్లు చెప్పింది. కొప్పోలా 18 ఏళ్ల కూతుర్ని నిలబెట్టాడు. మొదటి గాడ్‌ఫాదర్ బాప్టిజం సీన్‌లో చేతుల్లో ఉన్న పసిబిడ్డ కూడా ఆమే. సినిమాకి ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, సోఫియాకి మాత్రం ఆ ఏడాది చెత్త నటన కింద ర్యాజీ అనే ఎగతాళి అవార్డులు రెండు అంటగట్టారు. నటిని కానని తెలిసిన ఒక పిల్ల, తండ్రి ఇబ్బందిలో ఉన్నాడని ఒప్పుకుంటే, ఆ వయసులో ఆమెని అంతలా వేధించడం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

వంటింట్లో ఆండీ గార్సియాతో కలిసి పిండి ముద్దలు చేసే సీన్‌ని ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. ఆమె వేళ్లు, సిగ్గు, అతని చెయ్యి తన చేతి మీద పడగానే ఆగిపోవడం అన్నీ నిజంగా ఉంటాయి. సౌండ్ పెట్టగానే డైలాగ్ చప్పగా పడుతుంది. ఆమెలో మేరీ ఉంది, మేరీ మాటలే రాలేదు. చివర్లో మెట్ల మీద తూటా తగిలి నాన్నా అన్న ఒక్క మాట అంటుంది. ఆ చప్పదనమే అక్కడ పనికొచ్చింది. ఏం జరిగిందో తెలియని పిల్ల అలాగే అంటుంది. ఆ తర్వాత పాచినో నోరు తెరిచి అరుస్తాడు, ఎడిటింగ్‌లో ఆ అరుపు శబ్దం చాలావరకు తీసేశారు. మన చెవిలో ఆమె మాటే మిగిలిపోతుంది.

అందుకని నేను సోఫియాని మార్చను. నేను తెచ్చుకునేది రాబర్ట్ డువాల్‌ని, మొదటి రెండు భాగాల్లో ఆ కుటుంబ లాయరు టామ్ హేగన్‌గా వేసిన నటుడిని. పారితోషికం దగ్గర తేడా వచ్చి అతను మూడో భాగానికి రాలేదు. టామ్ హేగన్ చనిపోయాడని కథలో ఒక మాట చెప్పి, అతని స్థానంలో జార్జ్ హామిల్టన్‌ని కొత్త లాయరుగా కూర్చోబెట్టారు. హామిల్టన్ నటనలో దోషమేం లేదు, కానీ మైకేల్‌కి ఆ మనిషితో పాత బాకీలేవీ లేవు. మొదటి రెండు భాగాల్లో మైకేల్ ఏం తప్పు చేసినా హేగన్ ముఖం చూస్తే మనకి తెలిసిపోయేది. అతను ఒక్క అడుగు వెనకే నిలబడి, ఏమీ అనకుండా అంతా చూసేవాడు. డువాల్ ఒప్పుకుని ఉంటే కోర్లియోనే దానధర్మాల సంస్థ పనుల్లో హేగన్‌కి పెద్ద పాత్ర ఉండేది. కథలో ఆ సంస్థకి పెద్ద మేరీయే. అంటే తను పుట్టకముందు నుంచీ ఆ ఇంటిని ఎరిగిన మనిషి పక్కన కూర్చుని ఆమె ఆ సీన్లు చేసేది. వినడం బాగా వచ్చిన నటుడు పక్కనుంటే అనుభవం లేని పిల్ల మాట ఎంత నిలబడుతుందో ఆ ఆసుపత్రి వరండాలో తలకిందులుగా చూశాను. సోఫియా డైలాగులు అప్పుడు కూడా అలాగే ఉండేవేమో, కానీ వాటిని హేగన్ ముఖం మీద వినేవాళ్లం.